హెడర్లు (ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాలు) మార్చారా? రోడ్డెక్కే ముందు ఇవి చూసుకోండి

ఫ్యూయల్ పైపు, బ్రేక్ పైపు: హెడర్‌కి దగ్గరగా పోతుంటే ముందు క్లిప్పు మార్చి దూరం జరపండి, వేడిని ఆపే స్లీవ్ తొడగడం ఆ తర్వాతి మాట. రబ్బరు ఎండి పగిలి, పెట్రోలు వేడి గొట్టం మీద పడితే మంట అంటుకోవచ్చు.

ఇంజన్ ఊగుడు: ఆపి ఉన్నప్పుడు హెడర్‌కీ పక్కనున్న భాగాలకీ మధ్య కనిపించే సందును నమ్మొద్దు. ఒకరిని రేస్ చేయమని మీరు చూడండి. మౌంట్ల (ఇంజన్‌ని పట్టి ఉంచే దిమ్మల) మీద ఇంజన్ ఎంత ఒరుగుతుందో అప్పుడు తెలుస్తుంది.

ప్లగ్ వైర్లు, ఆక్సిజన్ సెన్సర్ వైరు: ప్లాస్టిక్ టై (వైర్లు కట్టే పట్టీ) వద్దు, స్టీల్‌ది వాడండి. నేను ప్లాస్టిక్‌తో కట్టిన టై వారం తిరక్కుండా కరిగి, వైరు గొట్టానికి అతుక్కుపోయింది.

స్టార్టర్ (ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు): బండి వేడిగా ఉన్నప్పుడే బరువుగా తిరుగుతుంటే బ్యాటరీని తిట్టకండి. హీట్ షీల్డ్ (వేడిని అడ్డుకునే రేకు) వేయండి, మధ్యలో గాలి ఆడే సందు వదలండి.

హీట్ రాప్ (వేడి బయటికి రాకుండా హెడర్‌కి చుట్టే పట్టీ): లోపల తేమ నిలిచి మామూలు స్టీల్ తుప్పు పడుతుంది. నేనైతే గొట్టానికి వేడిని ఆపే కోటింగ్ (పూత)కే ఓటు. రాప్ చుడితే మొదట్లో పొగ మామూలే, పెట్రోలు వాసన మాత్రం కాదు.

హెడర్ బోల్టులు: రెండు మూడు సార్లు వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ బిగించండి. గ్యాస్కెట్ (హెడర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే సీలు) దగ్గర లీకైన వేడి గాలి పక్కనున్న వైర్లను కాల్చేస్తుంది.