ఎండలు ముదరకముందే: కడుపుతో ఉన్నవాళ్ళ ఇంట్లో సర్దుకోవాల్సినవి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అనంతపురంలో అది పోతూ పోతూ ఎండను చేతికిచ్చి మరీ పోతుంది. మా చెల్లెలికి ఇప్పుడు ఆరో నెల. మే నెలాఖరుకు కాన్పు అన్నారు. తొలికాన్పు కాబట్టి శ్రీమంతం కాగానే మా ఇంటికే వస్తుంది. ఆమె ఇంకా రాలేదు, ఆమె కోసం చుట్టాలు పంపినవి మాత్రం ముందే వచ్చేశాయి: ఒక సీసా ఆముదం, పొట్లం కట్టిన అశ్వగంధ పొడి, పేరు రాయని నల్లటి లేహ్యం, చిన్న డబ్బీలో కుంకుమపువ్వు. అన్నీ ప్రేమతో పంపినవే. వాటిల్లో నేను అల్మారాలో పెట్టింది కుంకుమపువ్వు ఒక్కటే.

ప్రసూతి వార్డులో పదేళ్ళు నర్సుగా చేసినదాన్ని. మూలికలంటే నాకు చిన్నచూపేమీ లేదు. మా అవ్వ చేతి మిరియాల చారు తాగి పెరిగినదాన్నే. కానీ కడుపుతో ఉన్నవాళ్ళ విషయంలో ఒక గీత గీసుకున్నాను. పోపులో, పప్పులో, చారులో పడేంతవరకు అది తిండి. కొలిచి, కాచి, రోజూ పరగడుపున మింగితే అది మందు. మందు అయ్యాక మోతాదు తెలియాలి, లోపలి బిడ్డకు ఏం చేస్తుందో తెలియాలి. పోపులో మెంతులకు దిగులు లేదు, గుప్పెడు నానబెట్టి రోజూ ఆ నీళ్ళు తాగడం వేరే లెక్క. ఉగాది పచ్చడిలో వేపపువ్వు తినండి. షుగరు తగ్గుతుందని వేపాకు రసం మాత్రం తాగొద్దు. పసుపు, వాము, తులసి, అన్నిటికీ ఇదే గీత.

ఇక ఆ సీసా సంగతి. తొమ్మిదో నెలలో ఆముదం తాగితే కాన్పు సులువవుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. ఆముదం పేగులను కదిలిస్తుంది, గర్భసంచి కూడా బిగుసుకునేలా చేయగలదు. ఎప్పుడు, ఎంత గట్టిగా అన్నది మన చేతిలో ఉండదు. ఒక మే నెలలో ఒకామెను పెదాలు పిడచకట్టి, బీపీ పడిపోయి ఉండగా ఆటోలో తెచ్చారు. ఇంట్లోవాళ్ళు నొప్పులు మొదలయ్యాయనుకున్నారు. మొదలైంది విరేచనాలు. రెండు సెలైన్లు ఎక్కాక మనిషి తేరుకుంది, కాన్పు ఇంకో పది రోజులకు అయింది. మలబద్ధకానికి కూడా ఆముదం, సునాముఖి పొడి వద్దు. నీళ్ళు, ఆకుకూర, జామకాయతో తగ్గకపోతే డాక్టరును అడిగితే సరైనది రాస్తారు.

అశ్వగంధ కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడదు. కలబంద రసం, అతిమధురం కషాయం కూడా అంతే. పేరు లేని లేహ్యం గురించి నాకు ఇంకా భయం. కొన్ని నాటు మందుల్లో, భస్మాల్లో సీసం ఉంటుంది. 2011, 2012ల్లో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని తేలితే, ఆరా తీస్తే మన దేశం నుంచి తెచ్చుకున్న ఆయుర్వేదం మందుల దగ్గర తేలింది. సీసం మాయను దాటి బిడ్డ మెదడు దాకా పోతుంది. కాబట్టి ఎవరు చేశారో, ఏం కలిపారో రాసి లేని మందు ఎంత దగ్గరి చుట్టం ఇచ్చినా సరే, తీసుకుని పక్కన పెట్టేయండి. వాదించక్కర్లేదు.

కుంకుమపువ్వు రెండు రేకలు పాలలో వేసుకుంటే రుచి, వాసన. బిడ్డ రంగు దానితో మారదు. మేనమామ రంగు రావాలని ఉంటే ఆ డబ్బీ ఏం చేస్తుంది?

మూలికల్లో నేను మనస్ఫూర్తిగా చెప్పేది అల్లం. వేవిళ్ళకు నిజంగా పనిచేస్తుంది. చిన్న ముక్క నమలడమో, నిమ్మరసంలో వేసుకోవడమో చాలు. శొంఠి పొడి అయితే రోజుకు ఒక గ్రాము దాటించొద్దు. పొద్దున మంచం దిగకముందే నాలుగు బొరుగులు నోట్లో వేసుకుంటే వికారం ఇంకా తగ్గుతుంది. నీళ్ళు కూడా నిలవనంత వాంతులైతే అది అల్లంతో పోయేది కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు అసలైన దానికి వస్తాను. మన సీమలో ఎండాకాలం కాన్పులకు పెద్ద చిక్కు నీళ్ళే. ఒంట్లో నీళ్ళు తగ్గితే గర్భసంచి బిగుసుకుని దొంగ నొప్పులు వస్తాయి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటుంది. ఆ ఇన్‌ఫెక్షన్ ముదిరితే నెలలు నిండకముందే కాన్పు కావచ్చు. బాత్రూమ్‌కు మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తగ్గించేవాళ్ళను ఎంతమందిని చూశానో. రోజుకు పది పన్నెండు గ్లాసులు తాగాలి. సరిపోయిందా లేదా అన్నది మూత్రం రంగే చెబుతుంది: లేత పసుపైతే సరే, ముదురు పసుపైతే వెంటనే చెంబు అందుకోండి. పలచటి మజ్జిగలో కొత్తిమీర, జీలకర్ర వేసి పెట్టుకోండి. రాగి అంబలి, కొబ్బరినీళ్ళు, నిమ్మకాయ నీళ్ళు కూడా మంచివే. బీపీ ఉన్నవాళ్ళు మాత్రం మజ్జిగలో ఉప్పు వేసుకోవద్దు, ఊరగాయలు తగ్గించాలి.

నన్నారి (సుగంధిపాల వేరు) షర్బత్ అడుగుతారని తెలుసు. ఎప్పుడైనా ఒక గ్లాసు ఇంట్లో కలుపుకుని తాగితే నేనేమీ అనను, కాకపోతే అందులో ఉండేది చాలావరకు చక్కెరే. షుగరు పరీక్షలో 75 గ్రాముల గ్లూకోజు తాగాక రెండు గంటలకు 140 గానీ, ఆపైన గానీ వచ్చినవాళ్ళు దాని జోలికి పోకూడదు. బండి మీద షర్బత్ అయితే ఎవరికీ వద్దు. నన్నారి కంటే ఆ ఐసుతోనే నా భయం. ఏ నీళ్ళతో చేశారో తెలియదు.

ఎందుకంత భయమంటే, కలుషితమైన నీళ్ళతో వచ్చే పచ్చకామెర్లలో హెపటైటిస్ ఇ అనే రకం ఒకటుంది. మామూలు మనుషులు చాలామంది కోలుకుంటారు. అదే చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి సోకితే నూటికి ఇరవై, ఇరవై ఐదు మంది దాకా ప్రాణం పోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన పల్లెల్లో కామెర్లు అనగానే పసరు పోసేవాళ్ళ దగ్గరికి బండి కట్టడం అలవాటు. మిగతా ఎవరి విషయంలో ఏం చేసినా, కడుపుతో ఉన్న మనిషి కళ్ళు పచ్చబడితే పసరు కోసం ఒక్క పూట కూడా పోగొట్టొద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

తాగే నీళ్ళు కాచి చల్లార్చి తాగడం మంచిదే. కాకపోతే కాచినంత మాత్రాన బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ పోదు. మన జిల్లాలో చాలా ఊళ్ళకు ఆ బాధ ఉంది. సత్యసాయి పథకం కుళాయో, మంచి ప్లాంటు నీళ్ళో తెచ్చుకుని, దాన్నే కాచుకోవాలి. క్యాన్ లోపల పాచి పట్టిందేమో చూసుకోండి.

తిండి విషయంలో మనకు కొత్తగా కొనాల్సింది పెద్దగా లేదు. ఇద్దరి కోసం తినాలని గిన్నెడు అన్నం ఎక్కువ పెడతారు, అది అక్కర్లేదు. జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో గర్భిణికి రోజుకు అదనంగా కావాల్సింది 350 కేలరీలు. ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేయించిన బుడ్డలు (వేరుశనగ గింజలు) కలిపితే ఇంచుమించు అంతే. బుడ్డల్లో నల్లబడినవి, బూజు పట్టినవి ఏరి పారేయండి, ఊరుబిండి నూరేటప్పుడు కూడా. ఆ బూజులో కాలేయాన్ని చెడగొట్టే విషం ఉంటుంది.

రాగి సంగటి తింటే రక్తం పడుతుందని అందరూ అంటారు. సగం నిజం. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు. ఇనుము మాత్రం మనం అనుకున్నంత లేదు, ఉన్నది కూడా ఒంటికి పూర్తిగా పట్టదు. రాగులు మొలకెత్తించి పిండి పట్టిస్తే కాస్త మెరుగు. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే సంగటి, మునగాకు పప్పు తింటూనే ఐరన్ మాత్ర మింగాలి. బాగున్నవాళ్ళు కూడా నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలి. నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుంది. టీతో, పాలతో వద్దు, కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు, ఒకటి పొద్దున ఒకటి రాత్రి పెట్టుకోండి. విరేచనం నల్లగా వస్తే కంగారుపడి ఆపేయకండి, అది మాత్ర రంగే.

పచ్చి బియ్యం, మట్టి, బలపం తినాలనిపిస్తుందా? సిగ్గుపడి దాచొద్దు. చాలాసార్లు అది రక్తం తక్కువైందన్న కబురు. ఏఎన్ఎమ్‌కు చెప్పి పరీక్ష చేయించుకోండి.

బొప్పాయి పచ్చిది వద్దు, దాని పాలు గర్భసంచిని కదిలిస్తాయి. బాగా పండింది రెండు ముక్కలు తింటే ఏమీ కాదు. మామిడిపండు కూడా తినొచ్చు, కడిగి, మితంగా. ఉపవాసాలు మాత్రం ఈసారికి దేవుడు మాఫ్ చేస్తాడు. గ్రహణం రోజు గదిలో కూర్చోమంటే కూర్చోండి, పెద్దల మాట కాదనడం ఎందుకు, కానీ చెంబుడు నీళ్ళు, పండు పక్కన పెట్టుకోండి.

కాళ్ళనొప్పులని మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకోవద్దు. ఐదో నెల దాటాక బ్రూఫిన్, డైక్లోఫెనాక్ లాంటివి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీయగలవు.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరే ఉచితంగా చూస్తారు. ఆ తేదీ క్యాలెండర్‌లో చుట్టి పెట్టండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడుతున్న పొడులు, కషాయాలు కూడా సంచిలో వేసుకుని చూపించండి, తిడతారేమోనని దాచకండి.

తలుపు వెనక ఒక కాగితం అంటించాను, చెల్లెలితోపాటు అమ్మా, మా ఆయనా కూడా చదివేలా పెద్ద అక్షరాలతో: రక్తం కనపడితే, ఉమ్మనీరు పోతే, తలనొప్పితో కళ్ళు మసకబారితే, ముఖం, చేతులు ఉబ్బితే, ఫిట్స్ వస్తే, జ్వరం తగ్గకపోతే, బిడ్డ కదలిక తగ్గితే 108. కషాయం కాచే గిన్నె పొయ్యి మీద పెట్టకూడదని దాని కింద ఎర్ర ఇంకుతో రాశాను. పక్కింటి ఆటో అబ్బాయి నంబరు కూడా ఉంది, రాత్రిపూట ఫోన్ ఆపొద్దని ఇప్పుడే చెప్పి పెట్టాను.