బైక్ టైరు పంక్చర్: అతుకుతో సరిపోతుందా, మార్చాల్సిందేనా?

ట్యూబ్‌లెస్ టైరులో మేకు కనబడగానే పట్టకారుతో లాగేస్తారు చాలామంది. లాగొద్దు. ముందు దాని మొదట్లో సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. పై రబ్బరులోనే ఇరుక్కుని లోపలిదాకా దిగని మేకులు బోలెడు. గాలి పోతోంది ఇంకెక్కడి నుంచో అయితే మేకు మీద కోపం దేనికి?

రాత్రి గాలి కొడితే పొద్దుటికి మెత్తబడుతోంది, మేకు జాడ లేదు

వాల్వు చూడండి. క్యాప్ తీసి ఒక్క చుక్క సబ్బు నీళ్లు వేయండి. బుడగ ఉబ్బితే లోపలి పిన్ను బిగించాలి, లేదా మార్చాలి. వాల్వు గొట్టాన్ని కాస్త పక్కకి వంచి మొదట్లో రబ్బరు చిట్లిందేమో కూడా చూడండి. అర నిమిషం పని ఇది. దీన్ని వదిలేసి టైరంతా గంటసేపు తడిమేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాల్వు బాగుంటే, టైరు రిమ్ములో కూర్చునే అంచు వెంబడి తుప్పో సొట్టో ఉండొచ్చు. ఇవేవీ టైరు తప్పులు కావు, టైరు మార్చక్కర్లేదు.

కన్నం దొరికింది

నేలకు తగిలే భాగంలో, గుండ్రంగా, 6 మిల్లీమీటర్లు మించకుండా ఉంటే అతుకు వేయొచ్చు. పక్క గోడకు పడితే మార్చాల్సిందే. చక్రం తిరిగే ప్రతిసారీ ఆ గోడ వంగి లేస్తుంటుంది, అక్కడ అతుకు నిలవదు. గుండ్రటి కన్నం కాకుండా గాజుపెంకు కోసినట్టు పొడుగ్గా చీలినా, పాత అతుకు మీదే కొత్తది పడేలా ఉన్నా అంతే. గాడిలో అరుగుదల హద్దు చూపే టీడబ్ల్యూఐ గుర్తుదాకా అరిగిన టైరుకు అతుకు దండగ.

అతుకు చక్కగా పడింది, అయినా ఏదో తేడాగా ఉంది

నన్ను దెబ్బకొట్టింది ఇదే. వెనక టైరు, నడిమధ్యలో సన్నటి మేకు. బయటి నుంచే స్ట్రిప్పు (జిగురు రబ్బరు పట్టీ) దూర్చి గాలి కొట్టాను, ఒక్క బుడగ లేదు. గాలి లేకుండా కొంచెం దూరమే నడిపానన్నాడు బండి ఆయన, నేనూ తలూపాను. కొద్ది రోజులకు మలుపుల్లో వెనక భాగం ఊగుతోందని మళ్లీ వచ్చాడు. పక్క గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు! విప్పితే లోపల నల్లటి పొట్టు, పెన్సిల్ గీతను రబ్బరుతో చెరిపితే రాలే తునకల్లాంటిది, గుప్పెడు ఉంది. ఆ ఉబ్బు దారిలో పగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

గాలి తగ్గిన టైరు మీద బండి నడిస్తే పక్క గోడ ప్రతి చుట్టుకూ మడతపడి వేడెక్కుతుంది. లోపలి రబ్బరు నలిగి పొట్టుగా రాలుతుంది, దాని వెనక దారాలు బలం కోల్పోతాయి. మళ్లీ గాలి నింపగానే టైరు గుండ్రంగా, కొత్తదానిలా నిలబడుతుంది. మోసం అక్కడే ఉంది. మేకు చేసింది చిన్న కన్నమే, టైరును చంపింది ఆ తర్వాత నడిపిన దూరం.

అందుకే టైరును రిమ్ము నుంచి విప్పించండి. లోపల వేలితో తడమండి. పొట్టు రాలినా, గోడ చుట్టూ మడత గీత తగిలినా, దారాలు కనబడినా మార్చేయండి. బయట పక్క గోడ చుట్టూ వలయంలా ఒరుసుకున్న గుర్తు ఉన్నా అనుమానించాల్సిందే. ఎంత దూరం నడిపారన్న లెక్క నమ్మకండి. బరువు, వేగం బట్టి కొద్ది దూరానికే పాడవొచ్చు. లోపల నున్నగా ఉంటే పుట్టగొడుగు ఆకారపు అతుకు లోపలి నుంచి వేయించండి. బయటి స్ట్రిప్పు ఇంటికి చేరడానికే.

పాడైన ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబ్ వేసి సరిపెట్టొద్దు. గాలి ఆగుతుంది గానీ తెగిన దారాలు అతుక్కోవు.

ట్యూబ్ టైరు, అతుకు వేసిన మర్నాడే మళ్లీ పంక్చర్

ముల్లు ఇంకా టైరులోనే ఉండొచ్చు. పాత గుడ్డతో లోపలంతా తుడవండి, ముల్లుంటే గుడ్డ పట్టుకుంటుంది. వాల్వు మొదట్లో చిరిగితే ట్యూబే మార్చాలి.

అల్లాయ్ చక్రంలో కంటికి కనబడని పగులు నుంచి గాలి పోవడం చాలా అరుదు, అన్నీ చూశాకే దాని జోలికి వెళ్లండి.

అతుకు వేశాక మర్నాడు పొద్దున బండి కదపకముందే గేజ్ పెట్టి చూడండి. గాలి తగ్గితే మళ్లీ సబ్బు నీళ్లే, ఈసారీ వాల్వు దగ్గర నుంచే.