బల్ల మీద రోమన్ యుద్ధాలు - 5వ పాఠం: పక్క, వెనక, ముందంచు గీత

అట్ట దళాలు, పాచికలతో పాతకాలపు యుద్ధాలను బల్ల మీద ఆడుకోవడం నేర్పే ఈ పాఠాల్లో, ఈసారి కొండలు, వాగులు, బురద నేల గురించి చెబుతానని మాటిచ్చాను. దాన్ని ఆరో పాఠానికి జరుపుతున్నాను. నాలుగో పాఠం చదివి ఆడినవాళ్లు పంపిన ఆటల వివరాలు చూశాక, ఇది తేల్చకుండా ముందుకు వెళ్లకూడదనిపించింది. దాదాపు అందరి ఫిర్యాదూ ఒకటే: ఫాలాంక్స్‌ను (పొడవాటి ఈటెలతో దట్టంగా బారులు తీరే మాసిడోనియా కాలిదళం) ఓడించలేకపోతున్నాం, లీజియన్ (రోమన్ కాలిదళం) బలం పెంచండి అని. కొందరు నన్ను అడగకుండానే మందు కనిపెట్టుకున్నారు. నాకు దిగులు పుట్టించింది ఆ మందే.

ముందు ఫిర్యాదు సంగతి చూద్దాం. లీజియన్ దళం బలం 5. ఫాలాంక్స్ దళం బలం 3. దాని వెనక ఇంకో ఫాలాంక్స్ దళం అదే దిక్కు చూస్తూ ఆనుకుని ఉంటే +3, మొత్తం 6. చెరో పాచిక వేసి కలుపుకుంటాం. రెండు పాచికలు పడే తీరులు 36. వాటిలో 21 ఫాలాంక్స్‌వి, 5 సమానం, లీజియన్‌కు దక్కేవి 10. మీ ఆటల్లో జరిగింది కూడా సుమారుగా ఇదే. నియమం చెడిపోలేదు, బాగానే పనిచేస్తోంది.

ఆ 6 ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ ఈ రెండు సైన్యాల పద్ధతీ దగ్గరగా ఎరిగినవాడు. గ్రీకు సేనల్లో గుర్రపుదళానికి నాయకత్వం వహించి, తర్వాత బందీగా రోమ్‌కు వెళ్లాడు. మాసిడోనియా ఈటె సరిస్సా 16 మూరలు ఉండాలి, వాడుకలో 14 మూరలు అంటాడు. అందులో 10 మూరలు మనిషి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. అందుకే మొదటి వరసవాడి ముందు ఐదు వరసల ఈటె మొనలు బారులు తీరి ఉంటాయి. రోమన్ సైనికుడికి కత్తి తిప్పడానికి చోటు కావాలి కాబట్టి అతను వదులుగా నిలబడతాడు. ఇద్దరు ఫాలాంక్స్ మనుషులు నిలబడే చోటులో ఒక్క రోమన్ ఉంటాడు. అంటే ఒక్కడి ఎదుట పది మొనలు. క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర మాసిడోనియా మీద గెలిచిన రోమన్ సేనాని ఎమీలియస్ పౌలస్ కూడా, దాన్ని మించి భయంకరమైనది తాను చూడలేదని తర్వాత ఒప్పుకున్నాడు. కాబట్టి ఎదురెదురుగా తలపడితే లీజియన్ నలగాల్సిందే. 5ను 6 చేయమంటే చేయను.

ఇక మీరు కనిపెట్టిన మందు. ఎదురుగా గెలవలేక, లీజియన్‌ను కాస్త పక్కకు జరిపి, ఫాలాంక్స్ చివరి దళం మూలకు ఆనించి "పక్కదాడి" అని ప్రకటిస్తున్నారు. తప్పు సగం నాదే. నాలుగో పాఠంలో "శత్రువు పక్క అంచుకు తగిలితే పక్కదాడి" అని రాసి ఊరుకున్నాను. ఆ వాక్యాన్ని కొట్టేసి దీన్ని రాసుకోండి:

కదలిక మొదలయ్యేటప్పుడు మీ దళం మొత్తం శత్రువు ముందంచు గీతకు వెనకవైపున ఉంటేనే పక్కదాడి. శత్రువు వెనకంచు గీతకు కూడా అవతల ఉండి మొదలుపెడితేనే వెనకదాడి.

చూడాల్సింది మొదలైన చోటు, తగిలిన చోటు కాదు. దళం ముందంచును కుడికీ ఎడమకీ బల్ల చివరిదాకా సాగదీసినట్టు ఊహించుకోండి, అదే ముందంచు గీత. ఆ గీతకు ఇవతల ఉన్న మీ దళం శత్రువు కళ్ల ముందున్నట్టు లెక్క. కళ్ల ముందు నుంచి వచ్చేవాడు భుజానికి తగిలినా వాడు ఎదుటివాడే. వాడి కోసం చివరి వరస ఇటు తిరగడానికి తగినంత సమయం ఉంటుంది. బల్ల మీద మనం వంతులవారీగా కదులుతాం కాబట్టి ఆ సమయం కనపడదు. నిజంగా ఇద్దరూ ఒకేసారి కదులుతుంటారు.

ఒక ఉదాహరణ నిదానంగా చూద్దాం. శత్రువు ఫాలాంక్స్ రెండు బారులు, ఒక్కో బారుకు ముందొకటి వెనకొకటి, మొత్తం నాలుగు దళాలు. ఒక్కో దళం అట్టముక్క వెడల్పు 4 సెం.మీ. కాబట్టి ముందు భాగం 8 సెం.మీ. ఎదురుగా మీ లీజియన్లు మూడు, 12 సెం.మీ. మొదటి రెండూ ఎదురెదురుగా తగిలాయి. మూడోది కుడివైపు ఖాళీగా మిగిలింది. మీలో చాలామంది దాన్ని 3 సెం.మీ. ముందుకు జరిపి, ఎడమకు తిప్పి, ఫాలాంక్స్ పక్కకు ఆనించారు. కుదరదు, ఎందుకంటే అది గీతకు ఇవతల నుంచి బయలుదేరింది. దానికి రెండు దారులున్నాయి. అక్కడే నిలబడితే, మూడో పాఠంలో చెప్పినట్టు, చివరి బారుకు −1 తగ్గి 6 కాస్తా 5 అవుతుంది, మీ గెలుపు అవకాశం 36లో 10 నుంచి 15కు పెరుగుతుంది. లేదా ఈ వంతులో గీత దాటి నేరుగా ముందుకు వెళ్లి ఆగాలి, వచ్చే వంతులో ఎడమకు తిరిగి కొట్టాలి. మధ్యలో శత్రువుకు ఒక వంతు దొరుకుతుంది. ఆ వంతులో అతను ఏం చేయగలడన్నదే అసలు ఆట.

ఇంకో సందర్భం: దళం సగం గీతకు ఇటు, సగం అటు ఉంది. "మొత్తం" అన్నాను కదా, చెల్లదు.

శత్రువు దళం ముందే ఏటవాలుగా తిరిగి ఉంటే? గీత కూడా దానితో పాటే తిరుగుతుంది. బల్ల అంచును బట్టి కాదు, ఆ దళం చూపును బట్టి గీయాలి. ఇందులో పొరపడ్డవాళ్లే ఎక్కువ. ఎదురుగా వచ్చిన మీ దళం అతను తిరగడం వల్ల అతని వెనకంచు గీత అవతలికి వచ్చేస్తే, అది మీకు న్యాయంగా దక్కిన వెనకదాడి. వదులుకోకండి.

కొలవడానికి నేను టేపు, స్కేలు వాడను. 60 సెం.మీ. నల్లదారానికి రెండు చివర్లా సైకిల్ నట్లు కట్టుకున్నాను. దాడి చేసే దళాన్ని ముట్టుకునే ముందే దారాన్ని శత్రువు ముందంచు వెంట పరుస్తాను. నట్ల బరువుకు దారం బిగువుగా ఉంటుంది, దళాలు కదిలిపోవు. ముట్టుకున్నాక కొలిస్తే గొడవే. శుభలేఖల అట్టతో దళాలు చేసుకున్నవాళ్లు ముందంచుకు ఎర్రరంగు పూయండి, ఏది ముందో ఏది వెనకో తెలియకే సగం తగాదాలు. 15 మి.మీ. బొమ్మలు వాడేవాళ్లు సరిస్సాకు కొబ్బరి ఈనె కొసను వాడండి. అసలు కొలత ప్రకారమైతే ఆ బొమ్మకు ఈటె 5 సెం.మీ. దాటుతుంది, 2 సెం.మీ. లోతు అట్ట మీద అది ఎదుటి దళాన్ని పొడుస్తుంది. నేను 3 సెం.మీ. దగ్గర కత్తిరిస్తాను.

ఇప్పుడు వెనకదాడి ఎందుకంత ఘోరమో చూడండి. ఫాలాంక్స్ వెనక దళానికి శత్రువు వెనక నుంచి తగిలితే, అది వెంటనే అటు తిరగాలి. తిరిగిందంటే ముందు దళానికి ఇచ్చే +3 పోయింది. ముందు దళం బలం 6 నుంచి 3కు పడిపోతుంది. 3కూ 5కూ పోటీ అంటే 36లో ఫాలాంక్స్‌కు 6, సమానం 4, లీజియన్‌కు 26. అంతటితో అయిపోలేదు. మామూలుగా ఓడిన ఫాలాంక్స్ తన వెనక దళాన్ని నెట్టుకుంటూ ఒక అట్ట లోతు దూరం వెనక్కి తగ్గుతుంది. ఇప్పుడు వెనక ఉన్నది వీపుకు వీపు ఆనించి పోరాడుతున్న సొంత దళం. తగ్గడానికి చోటు లేదు కాబట్టి ఓడిన దళం బల్ల మీద నుంచి లేచిపోతుంది. మనం ఒక్క అంకె కూడా మార్చలేదు, దళం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే మారింది.

క్రీ.పూ. 197లో గ్రీసులోని థెస్సలీలో, కుక్కతలలు అనే అర్థం వచ్చే కైనోస్‌కెఫలై గుట్టల మీద జరిగింది సరిగ్గా ఇదే. పొగమంచులో రెండు సైన్యాల ముందు దళాలు అనుకోకుండా తలపడ్డాయి. మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్ సగం ఫాలాంక్స్‌తో గుట్ట ఎక్కి, వరసల లోతు రెండింతలు చేసి, కుడివైపు దగ్గరకు జరిపి కిందికి దూకించాడు. రోమన్ల ఎడమ భాగం వెనక్కి నడిచింది. అదే సమయంలో అతని సేనాని నికానోర్ తెస్తున్న మిగతా సగం ఇంకా బారు తీరలేదు. రోమన్ సేనాని ఫ్లామినినస్ తన కుడి భాగానికి వెళ్లి ఏనుగులను ముందు పెట్టి వాళ్లను చెదరగొట్టాడు. పారిపోయేవాళ్లను తరుముతున్నవాళ్లలో ఒక ట్రిబ్యూన్ (లీజియన్‌లో ఒక అధికారి) ఆగి, 20 మానిపుళ్లను (లీజియన్‌లోని చిన్న దళాలు) వెనక్కి తిప్పి, గెలుస్తున్న ఫిలిప్ కుడి భాగం వెన్ను మీద పడ్డాడు. ఎవరి ఆజ్ఞా లేదు. ఆ ట్రిబ్యూన్ పేరు కూడా ఎవరూ రాసిపెట్టలేదు, నాకు ఎప్పటికీ బాధగా ఉండే విషయం అది. ఫాలాంక్స్ మనిషి అంత పొడవు ఈటెతో ఒంటరిగా వెనక్కి తిరిగి పోరాడలేడు. మాసిడోనియన్లు ఈటెలు నిలువుగా ఎత్తారు. అది లొంగిపోయే గుర్తని రోమన్లకు తెలియక నరికారు. మాసిడోనియా వైపు 8,000 మంది చనిపోయారు, 5,000 మంది చిక్కారు. రోమన్లు సుమారు 700 మందిని పోగొట్టుకున్నారు.

ఫిలిప్ సైన్యంలో ఫాలాంక్స్ 16,000. మన లెక్కలో దళానికి 2,000 మంది, అంటే 8 దళాలు. మానిపుల్‌కు 120 మంది చొప్పున 20 మానిపుళ్లు 2,400. అంటే మన బల్ల మీద ఒక్క దళం! ఆ ఒక్కదాన్ని విడిగా తిప్పగలగడమే లీజియన్ అసలు బలం. అందుకే ఈ పాఠం నుంచి ఈ నియమం కలపండి: గుంపు నుంచి ఒక లీజియన్‌ను విడదీసి ఎటు తిప్పినా ఒక ఆజ్ఞ చాలు. ఫాలాంక్స్ దళాన్ని తిప్పాలంటే రెండు ఆజ్ఞలు. ఆ వంతుకు ఎన్ని ఆజ్ఞలో తేల్చే పాచికలో 1 పడితే, ఆ వంతులో ఫాలాంక్స్ నేరుగా ముందుకే నడుస్తుంది. నేను ఆడేటప్పుడు లీజియన్ వైపు ఒక దళాన్ని ఎప్పుడూ వెనక ఖాళీగా ఉంచుతాను. అన్నిటినీ మొదటి వరసలో పరిచేవాళ్లకు ఈ ఆట ఎప్పటికీ అందదు.

అభ్యాసం. తేలిక కాదు, ఆదివారం మొత్తం పట్టవచ్చు. ఫిలిప్ వైపు ఫాలాంక్స్ 8, తేలిక కాలిదళం 1. రోమ్ వైపు లీజియన్ 8, ఏనుగులు 1. ఫిలిప్ కుడివైపు నాలుగు ఫాలాంక్స్ దళాలు రెండు బారులుగా గుట్ట మీద, తేలిక దళం వాటి పక్కన. ఎడమవైపు నాలుగింటికి మొదటి రెండు వంతులు +3 లేదు, అవి ఇంకా బారు తీరుతున్నాయి. రోమన్ ఎడమన నాలుగు లీజియన్లు, కుడిన నాలుగు, ఏనుగులు కుడివైపు ముందు. మూడు దళాలు పోయినవాడు ఓడినట్టు. ఒక్కరే రెండు వైపులా ఆడండి, ఆరు ఆటలు. మొదటి మూడింటిలో రోమన్ కుడి భాగం పారిపోయేవాళ్లను తరుముతూనే ఉండాలి, తర్వాతి మూడింటిలో ఒక దళాన్ని విడదీసి వెనక్కి తిప్పాలి. ప్రతి ఆటలో ఆ దళం ఏ వంతులో బయలుదేరింది, దారం ఎక్కడ పరిచారు, తగిలే సమయానికి రోమన్ ఎడమన ఎన్ని లీజియన్లు మిగిలాయి, ఈ మూడూ రాసుకోండి. ఆరో పాఠంలో గుట్ట వాలు మీద ఫాలాంక్స్ +3 ఎప్పుడు పోతుందో లెక్కించడానికి ఆ కాగితం కావాలి.