చిన్న ఊరి ఎన్‌బీఏ జట్టు ఎదగట్లేదా? ఊరిని తిట్టేముందు జీతాల పట్టీ తీయండి

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) వీడియో గేమ్‌లో ఫ్రాంచైజ్ మోడ్, అంటే జట్టుని మనమే ఏళ్ల తరబడి నడిపే పద్ధతి, పెట్టుకుని మెంఫిస్‌నో, ఇండియానానో, శాక్రమెంటోనో తీసుకుంటారు. మూడు నాలుగు సీజన్లు అయ్యాక నాకు మెసేజ్ వస్తుంది: "అన్నా, చిన్న మార్కెట్ కదా, స్టార్లు రారు, ఇంతకంటే ఏం చేయలేం." అసలు జట్ల గురించి మాట్లాడుకునేటప్పుడు కూడా ఇదే పాట. జీతాల పట్టీ చూశావా అని అడిగితే మాత్రం అవతలి నుంచి చప్పుడుండదు. గేమ్‌లో ఇలాంటి జట్లనే తీసుకుని బాగుచేయడం నాకు అలవాటు. దాదాపు ప్రతిసారీ రోగం ఊళ్లో కాదు, ఆ పట్టీలోనే దొరుకుతుంది.

శాలరీ క్యాప్ అంటే జట్టు జీతాల మీద లీగ్ పెట్టే పరిమితి, డ్రాఫ్ట్ అంటే కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకోవడం, ట్రేడ్ అంటే జట్లు ఆటగాళ్లని మార్చుకోవడం. ఇంతవరకు తెలిస్తే చాలు.

ముందు ఇది చూడండి

2021లో మిల్వాకీ, 2023లో డెన్వర్, 2025లో ఓక్లహోమా సిటీ టైటిల్ కొట్టాయి. 2025 ఫైనల్‌లో ఓక్లహోమాకి ఎదురు నిలబడింది కూడా పెద్ద ఊరేం కాదు, ఇండియానా. శాన్ ఆంటోనియో 1999 నుంచి 2014 లోపు అయిదు టైటిళ్లు పట్టుకుపోయింది. అదే న్యూయార్క్ నిక్స్ 1973లో గెలిచాక 2025 దాకా ఒట్టి చేతులే. లాస్ ఏంజెలెస్‌లో కూర్చున్న క్లిప్పర్స్ అయితే అప్పటిదాకా ఫైనల్ మొహమే చూడలేదు. కాబట్టి 'ఊరు చిన్నది' అన్న జవాబు దగ్గర ఆగిపోకండి.

ఊరు చిన్నదైతే నిజంగా తగ్గేది లోకల్ టీవీ డబ్బు, స్పాన్సర్లు, ఖరీదైన సీట్ల మీద వచ్చే రాబడి. ఇది చిన్న తేడా ఏం కాదు, ఒప్పుకుంటాను. కానీ 2025-26లో మొదలైన నేషనల్ టీవీ ఒప్పందం 11 ఏళ్లకి సుమారు 7,600 కోట్ల డాలర్లు. అందులో మెంఫిస్ వాటా ఎంతో లాస్ ఏంజెలెస్ లేకర్స్ వాటా కూడా అంతే. లెక్కకి భాగిస్తే ఒక్కో జట్టుకి ఏడాదికి సగటున 20 కోట్ల డాలర్ల పైమాటే. మొదటి ఏళ్లలో కాస్త తక్కువ, చివర్లో ఎక్కువ. 2025-26 శాలరీ క్యాప్ చూస్తే 15.46 కోట్ల డాలర్లు. మంచి జట్టుకి జీతాలివ్వడానికి డబ్బు లేదన్న వాదన ఇక్కడే సగం తేలిపోతుంది.

లక్షణం: స్టార్ వెళ్లిపోతానంటున్నాడు

ఇక్కడ ఒక్క ప్రశ్న చాలు. కాంట్రాక్ట్ ఇంకా ఎన్నేళ్లుంది? ఊరికే వెళ్లిపోతే చేతికి చిల్లిగవ్వ రాదు. 1996లో ఒర్లాండో నుంచి షాకిల్ ఓనీల్ లేకర్స్‌కి వెళ్లింది అలాగే. 2016 జులై 4న ఓక్లహోమా నుంచి కెవిన్ డురాంట్ గోల్డెన్ స్టేట్‌కి వెళ్లిందీ అలాగే.

దీనికి మందు ఇండియానా స్టార్ పాల్ జార్జ్ కథలో ఉంది. 2018లో ఫ్రీ ఏజెంట్ (కాంట్రాక్ట్ అయిపోయి ఎటైనా వెళ్లగలిగేవాడు) అవ్వాల్సిన అతను, ఇక ఇండియానాతో సంతకం చేయనని 2017 వేసవిలోనే చెప్పించేశాడు. ఇండియానా బతిమాలుతూ కూర్చోలేదు. ఓక్లహోమాకి పంపేసి విక్టర్ ఒలాడిపోనీ, డొమాంటస్ సబోనిస్‌నీ తెచ్చుకుంది. అప్పట్లో ఆ ట్రేడ్ చూసి నవ్వని వాళ్లు తక్కువ. 2022 ఫిబ్రవరిలో అదే సబోనిస్‌ని శాక్రమెంటోకి ఇచ్చి టైరీస్ హాలిబర్టన్‌ని పట్టుకొచ్చారు. అటు ఓక్లహోమా 2019లో అదే జార్జ్‌ని క్లిప్పర్స్‌కి ఇచ్చి షాయ్ గిల్జస్-అలెగ్జాండర్‌నీ, అయిదు ఫస్ట్‌రౌండ్ పిక్‌లనీ (డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంచుకునే హక్కులు) లాగింది. వాటిలో ఒకటి 2022లో జేలెన్ విలియమ్స్ అయింది. 2025 ఫైనల్ ఆడిన రెండు జట్లూ పాల్ జార్జ్‌ని సమయానికి వదులుకున్నవే.

అలాగని అందర్నీ అమ్మేయమని కాదు. 2020లో స్టార్ యానిస్ కాంట్రాక్ట్ ఆఖరి ఏడాదికొస్తే మిల్వాకీ అతన్ని అమ్మలేదు, పిక్‌లన్నీ ఊడ్చి జ్రూ హాలిడేని తెచ్చింది. యానిస్ ఆ డిసెంబర్‌లో అయిదేళ్లకి సంతకం పెట్టాడు, మరుసటి జులైలో టైటిల్. ఆటగాడు వెళ్తానని చెప్పేశాడా, ఇంకా చూస్తున్నాడా అన్నదే తేడా. చెప్పేశాక ఏడాది ఆగడం శుద్ధ దండగ.

లక్షణం: ఏటా 41 నుంచి 50 గెలుపులు, అక్కడే ఆగిపోతోంది

అసలు దొంగ ఇక్కడున్నాడు. నా చేతులు కాలింది కూడా ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

బయటికి కనిపించే లక్షణాలు ఇవి. జట్టు చెడ్డది కాదు, ప్లేఆఫ్స్‌కి వెళ్తుంది, మొదటి రౌండ్‌లోనో రెండో రౌండ్‌లోనో ఇంటికొస్తుంది. టాప్ పిక్ రాదు. కొత్త ఆటగాణ్ని కొనడానికి క్యాప్‌లో చోటు లేదు. స్టార్ మొహం మాడ్చుకుని ఉంటాడు. జనం అనే మాట: చిన్న ఊరు కదా, ఎవరొస్తారు?

కారణం, భయంతో ఇచ్చిన కాంట్రాక్టులు. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే, స్టార్‌కి ఇచ్చింది కాదు, నాలుగో అయిదో స్థానంలో ఉన్నవాడికి ఇచ్చింది.

పోర్ట్‌లాండ్‌ని తీసుకోండి. 2015 వేసవిలో లామార్కస్ ఆల్డ్రిడ్జ్ ఆ జట్టు వదిలి వెళ్లిపోయాడు. వెళ్లింది ఎక్కడికి? శాన్ ఆంటోనియోకి, అంటే ఇంకో చిన్న మార్కెట్‌కి! ఆ ఒక్క వేసవిలోనే మొదటి అయిదుగురిలో నలుగురు పోయి డేమియన్ లిల్లార్డ్ ఒక్కడే మిగిలాడు. అయినా మరుసటి సీజన్ 44 ఆటలు గెలిచి రెండో రౌండ్‌కి వెళ్లారు. అందరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే, 2016లో, కొత్త టీవీ డబ్బు వచ్చి శాలరీ క్యాప్ ఒక్కసారిగా 7 కోట్ల నుంచి 9.4 కోట్ల డాలర్లకి ఎగిసింది.

పోయిన ఏడాది దెబ్బ ఇంకా ఆరలేదు, చేతిలో మాత్రం డబ్బుంది. ఇవాన్ టర్నర్‌కి నాలుగేళ్లకి 7 కోట్లు ఇచ్చారు. సగటున 10 పాయింట్లు కొట్టే ఆలెన్ క్రాబ్‌కి బ్రూక్లిన్ నాలుగేళ్లకి 7.5 కోట్ల ఆఫర్ రాసి పంపితే, పోర్ట్‌లాండ్ అంతకంతా ఇచ్చి ఆపుకుంది. మేయర్స్ లెనార్డ్‌కి 4.1 కోట్లు. మరుసటి సీజన్ ఫలితం 41 గెలుపులు, 41 ఓటములు, మొదటి రౌండ్‌లో నాలుగుకి నాలుగూ ఓటమి.

అప్పటి యజమాని మైక్రోసాఫ్ట్ సహవ్యవస్థాపకుడు పాల్ ఆలెన్, లీగ్‌లోకెల్లా ధనవంతుల్లో ఒకరు. డబ్బుకి కొదవ లేదు. ఉన్నదల్లా ఇంకొకడు కూడా పోతాడేమోనన్న టెన్షన్.

దీన్ని దొంగ అన్నది ఎందుకంటే, సంతకం పెట్టే రోజున ప్రతి కాంట్రాక్టూ సబబుగానే కనిపిస్తుంది. క్యాప్ దాటిన జట్టు సొంత ఆటగాణ్ని ఉంచుకోవచ్చు గానీ, వాణ్ని వదిలేస్తే ఆ డబ్బుతో బయటివాణ్ని కొనలేదు. అంటే వదిలేస్తే డబ్బు మిగలదు, మనిషీ మిగలడు. వినడానికి గట్టి లాజిక్కే. కానీ ఆ లాజిక్‌తోనే మొదటివాడికి, రెండోవాడికి, మూడోవాడికి ఇచ్చుకుంటూ పోతే రెండేళ్లలో కదలడానికి సందుండదు.

బిల్లు కూడా వెంటనే రాదు. 2017 జులైలో పోర్ట్‌లాండ్ క్రాబ్‌ని అదే బ్రూక్లిన్‌కి ఇచ్చేసి ఆండ్రూ నికల్సన్‌ని తీసుకుంది. తీసుకున్న వెంటనే అతన్ని వదిలేసి, ఇవ్వాల్సిన డబ్బుని స్ట్రెచ్ చేసింది, అంటే ఎక్కువ ఏళ్లకి పరిచింది. మిగిలిన ఏళ్లకి రెట్టింపు, పైన ఇంకో ఏడాది అన్నది అక్కడి లెక్క. ఏడాదికి సుమారు 28 లక్షల డాలర్ల చొప్పున ఏడేళ్లు పడింది. నికల్సన్ ఆ జట్టుకి ఒక్క ఆట ఆడలేదు. 2023 సెప్టెంబర్‌లో లిల్లార్డ్ మిల్వాకీకి వెళ్లిపోయాక మొదలైన సీజన్‌లో కూడా పోర్ట్‌లాండ్ పట్టీలో నికల్సన్ పేరు అలాగే ఉంది.

చెక్ చేసే పద్ధతి చెప్తాను, పది నిమిషాల పని. ఒక కాగితం మీద రోస్టర్ మొత్తం రాయండి. ప్రతి పేరు పక్కన ఈ ఏడాది జీతం, మిగిలిన ఏళ్లు రాయండి. మూడో గడిలో అవుననో కాదనో ఒక్క మాట: వేరే జట్టు మన దగ్గర పిక్ అడక్కుండా ఈ కాంట్రాక్ట్ తీసుకుంటుందా? ఇంకా రెండేళ్లకి మించి ఉన్నవాళ్లలో 'కాదు'లు రెండు దాటితే ఇంకెక్కడా వెతక్కండి. గేమ్‌లో ట్రేడ్ స్క్రీన్ తెరిచి రెండు మూడు జట్లకి ఆఫర్ పెట్టి చూసినా ఇదే తెలుస్తుంది. ఈ ఒక్క పని చేయమంటేనే జనానికి బద్ధకం.

ఇంకా సంతకం పెట్టకపోతే మందు తేలిక: ఏళ్లు తగ్గించండి, ఆఖరి ఏడాది జట్టు ఆప్షన్ పెట్టండి, జీతం ముందు ఎక్కువ, తర్వాత తక్కువ ఉండేలా రాయండి. 2024లో ఓక్లహోమా ఐజాయా హార్టెన్‌స్టైన్‌ని న్యూయార్క్ నుంచి లాక్కుంది ఇలాగే. మొదటి ఏడాది 3 కోట్లు, తర్వాత 2.85 కోట్లు, మూడో ఏడాది జట్టు ఇష్టం. చిన్న ఊరికి ఫ్రీ ఏజెంట్లు రారన్న మాటకి ఇదొక జవాబు కూడా. అంత ఒప్పుకోనంటే వదిలేయండి, కొంప మునగదు.

సంతకం అయిపోయి ఉంటే మొదటి ఏడాదిలోనే వదిలించుకోండి. 2016లో మిల్వాకీ కూడా మైల్స్ ప్లమ్లీకి నాలుగేళ్లకి 5 కోట్లు రాసింది. తప్పని తెలిసేసరికి నెలలు పట్టింది గానీ ఏళ్లు పట్టలేదు. 2017 ఫిబ్రవరిలోనే షార్లెట్‌కి తోసేసింది. షార్లెట్ ఆ జూన్‌లో అట్లాంటాకి తోసింది. అట్లాంటా 2019లో మెంఫిస్‌కి తోసింది. బదులుగా మెంఫిస్ ఇచ్చింది ఎవర్ని? అదే 2016లో తను 9.4 కోట్లకి కొని, మూడు సీజన్లలో 95 ఆటలే ఆడించగలిగిన చాండ్లర్ పార్సన్స్‌ని. ఆ వేసవి చెత్తంతా ఇలా ఊళ్ల చుట్టూ తిరిగింది. ఆలస్యమైపోతే మాత్రం కంగారుపడి పిక్‌లు ఇచ్చి వదిలించుకోవద్దు. ఆఖరి ఏడాదికొచ్చిన కాంట్రాక్ట్ ట్రేడ్‌లో జీతాలు సరిపెట్టడానికి పనికొస్తుంది. స్ట్రెచ్ జోలికి అసలు వెళ్లొద్దు.

2025లో మిల్వాకీ చేసింది చూడండి. గాయపడ్డ లిల్లార్డ్‌ని వదిలేసి, మిగిలిన డబ్బుని అయిదేళ్లకి పరిచింది. ఏడాదికి సుమారు 2.25 కోట్లు, ఆడని మనిషికి. యానిస్ వెళ్లిపోతాడేమోనన్న భయమే అంతా.

లక్షణం: లోకల్ టీవీ డబ్బు పడిపోయింది

2023 మార్చిలో చాలా జట్ల ఆటల్ని చూపించే లోకల్ ఛానళ్ల కంపెనీ డైమండ్ స్పోర్ట్స్ దివాలా తీశాక చాలా ఊళ్లకి ఈ బాధ ఉంది. జట్టు తప్పేం కాదు. యూటా, ఫీనిక్స్ ఆ ఏడాదే కేబుల్ వదిలేసి ఆటల్ని యాంటెన్నా పెడితే ఉచితంగా వచ్చే ఛానళ్లకి ఇచ్చేశాయి. రాబడి తగ్గినా చూసేవాళ్లు పెరుగుతారు. ఇంతకుమించి జట్టు చేతిలో పెద్దగా ఏం లేదు.

లక్షణం: జట్టే ఊరు వదిలి పోతుందంటున్నారు

కారణం దాదాపు ఎప్పుడూ అరీనానే, అంటే జట్టు ఆడే స్టేడియం. 2008లో సియాటిల్ జట్టు ఓక్లహోమాకి పోయింది. 2013లో శాక్రమెంటో జట్టు అదే సియాటిల్‌కి పోబోయి ఆగింది. ఆపిన యజమాని ముంబైలో పుట్టిన వివేక్ రణదివే; 2016కి కొత్త అరీనా లేచింది. (2019 అక్టోబర్‌లో మన దేశంలో ఆడిన మొదటి ఎన్‌బీఏ ఆటలు ముంబైలో శాక్రమెంటో, ఇండియానా మధ్యే జరిగాయి. రెండూ చిన్న మార్కెట్లే.) మిల్వాకీలో పాత యజమాని హెర్బ్ కోల్ 2014లో జట్టుని అమ్ముతూ కొత్త అరీనాకి తనే 10 కోట్ల డాలర్లు ఇచ్చాడు. ఓక్లహోమా ఓటర్లు 2023 డిసెంబర్‌లో కొత్త అరీనా కోసం డాలర్‌కి ఒక సెంటు సేల్స్ టాక్స్‌కి భారీగా ఓటేశారు. ఆ పన్ను ఊరికి లాభమా అన్నది వేరే పంచాయితీ. జట్టు ఉండాలంటే మాత్రం లీజు ఎప్పటిదాకా ఉందో చూడండి, మిగతా పుకార్లు వినకండి.

మిగతావి

డ్రాఫ్ట్ లాటరీ (మొదటి పిక్ ఎవరికో తేల్చే చీటీ) రిగ్గింగ్: 2019లో మొదటి పిక్ జయన్ విలియమ్సన్ న్యూ ఆర్లీన్స్‌కి, 2023లో మొదటి పిక్ వెంబన్యామా శాన్ ఆంటోనియోకి వెళ్లారు, రెండూ చిన్న ఊళ్లే. వదిలేయండి. రిఫరీలు, చలి, నైట్‌లైఫ్: వీటి మీద వాయిస్ మెసేజ్‌లు పంపకండి, నేను వినను.

గాయాలు నిజమైన కారణమే, మందే లేదు. 2025 ఫైనల్ ఏడో ఆటలో హాలిబర్టన్ మడమ పైనున్న అకిలీస్ తెగింది. 2025-26 మొత్తం ఆడడని ఇండియానా ఆ జులైలోనే చెప్పేసింది. ఆ నెలలోనే మైల్స్ టర్నర్ మిల్వాకీకి వెళ్లిపోయాడు. గేమ్‌లో అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి గాయాలు ఆఫ్ చేసుకోవచ్చు. నేను చేయను, మీ ఇష్టం.