పాత ల్యాప్‌టాప్, ఒక పెన్‌డ్రైవ్: పసిపిల్లల ఆటల నుంచి పోయిన ఫొటోల దాకా

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఎక్కించుకునే అర్హత లేని ల్యాప్‌టాప్‌లు చాలా ఇళ్లలో బీరువా పైకి చేరిపోయాయి. స్క్రీన్ బాగానే ఉంటుంది, కీబోర్డూ పనిచేస్తూనే ఉంటుంది. మీ ఇంట్లోనూ అలాంటిది ఉంటే కిందకి దించి దుమ్ము దులపండి. ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉన్నా, ఉద్యోగాలకు అప్లై చేసే డిగ్రీ కుర్రాడు ఉన్నా, పెళ్లి ఫొటోల కార్డు ఖాళీ అయిపోయిందని తల పట్టుకున్న బావగారు ఉన్నా దానితో పని పడుతుంది.

ఇక్కడ చెప్పేవన్నీ ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌లే, అంటే వాటి కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు, ట్రయల్ గడువు ఉండదు, మధ్యలో ప్రకటనలు రావు. చాలావాటికి విండోస్ వెర్షన్లూ ఉన్నాయి కాబట్టి లినక్స్ (విండోస్ బదులు వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్) వద్దనుకునేవాళ్లు మొదటి భాగం వదిలేసి కిందకి వెళ్లిపోవచ్చు.

ముందు పెన్‌డ్రైవ్ తయారీ

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి అవసరమైనవి ముందే వేరే చోటికి కాపీ చేసుకోండి. ఫొటోలు పోయిన పెన్‌డ్రైవ్‌ని మాత్రం పొరపాటున కూడా దీనికి వాడొద్దు.

లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ అధికారిక సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ (సిస్టమ్ మొత్తం ఉండే ఒకే ఫైల్) దించుకోండి. సుమారు 3 జీబీ ఉంటుంది, ఇంట్లో వైఫై లేకపోతే మొబైల్ డేటా చూసుకుని మొదలుపెట్టండి. పనిచేస్తున్న మరో కంప్యూటర్‌లో రూఫస్ అనే చిన్న ప్రోగ్రాం తెరిచి, పైన పెన్‌డ్రైవ్‌ని, దాని కింద ఐఎస్ఓని ఎంచుకుని స్టార్ట్ నొక్కండి. మిగతా సెట్టింగులు ముట్టుకోనక్కర్లేదు.

ఆ పెన్‌డ్రైవ్‌ని పాత ల్యాప్‌టాప్‌కి పెట్టి ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీటని టపటపా నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. వచ్చిన జాబితాలో పెన్‌డ్రైవ్‌ని ఎంచుకుంటే కాసేపటికి మింట్ డెస్క్‌టాప్ కనిపిస్తుంది. హార్డ్‌డిస్క్‌లో ఏమీ మారదు, విండోస్ ఎక్కడిది అక్కడే ఉంటుంది. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది, 2 జీబీతో ఈడుస్తుంది.

ఇలా పెన్‌డ్రైవ్ నుంచి నడిపేటప్పుడు మీరు వేసుకున్న ప్రోగ్రాములు, దాచుకున్న ఫైళ్లు షట్‌డౌన్ చేయగానే పోతాయి. ఫైల్ రికవరీ లాంటి ఒకసారి పనికి ఇది చాలు. పిల్లల కోసం రోజూ వాడాలంటే మాత్రం, పాత ఫైళ్లు బ్యాకప్ తీసుకుని మింట్‌ని హార్డ్‌డిస్క్ మీదే ఇన్‌స్టాల్ చేసేయండి.

పసివాళ్లకు

అమ్మానాన్నలు ల్యాప్‌టాప్ మీద పనిచేస్తుంటే పిల్లలకీ అదే కావాలి. రెండు చేతులతో కీబోర్డు వాయించాలి, అంతే. వాళ్ల కోసం బామ్‌బామ్ అని ఒకటుంది. మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి ఆ పేరుతో వెతికి ఇన్‌స్టాల్ చేయండి. తెరవగానే స్క్రీన్ మొత్తం ఆక్రమిస్తుంది. ఏ మీట నొక్కినా ఓ అక్షరమో బొమ్మో రంగుల్లో వస్తుంది, శబ్దం చేస్తుంది. బయటికి రావాలంటే ఇంగ్లిష్‌లో క్విట్ అనే పదాన్ని వరసగా టైప్ చేయాలి. పసివాళ్లు ఆ నాలుగు అక్షరాలూ అదే వరసలో కొట్టడం దాదాపు జరగదు.

కాస్త పెద్దవాళ్లకు జీకాంప్రి. ఫ్రాన్స్‌లో బ్రూనో కూదాన్ 2000లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాం ఇప్పుడు కేడీఈ అనే ఓపెన్‌సోర్స్ బృందం చేతుల్లో ఉంది. రెండేళ్ల నుంచి పదేళ్ల వాళ్ల దాకా వందకు పైగా ఆటలున్నాయి. రెండున్నరేళ్ల పిల్లకి అన్నీ ఒకేసారి చూపిస్తే తికమకపడుతుంది. సెట్టింగుల్లో కష్టం స్థాయిని ఒక నక్షత్రానికి తగ్గించి, మౌస్ కదిపితే దిమ్మెలు చెరిగి వెనక జంతువు బొమ్మ కనిపించే ఆటతో మొదలుపెట్టండి. మౌస్ పట్టుకోవడం దానితోనే వచ్చేస్తుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉంటే అందులోనూ వేసుకోవచ్చు.

బొమ్మలు వేసే సరదా ఉన్నవాళ్లకు టక్స్ పెయింట్. ఇందులో సేవ్ నొక్కితే ఫైల్ పేరు అడగదు, ఫోల్డర్ అడగదు, దాచేస్తుంది. తెరవాలంటే చిన్న చిన్న బొమ్మల్లోంచి ఎంచుకోవడమే, కాబట్టి చదవడం రాని పిల్లకీ అడ్డు లేదు. పెద్దవాళ్లు చేయాల్సిన మార్పులన్నీ టక్స్ పెయింట్ కాన్ఫిగ్ అనే వేరే ప్రోగ్రాంలో ఉంటాయి. భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది. ఇంట్లో ప్రింటర్ ఉంటే అక్కడే ప్రింటింగ్ ఆపేయండి, లేదా ఒక ప్రింటుకీ ఇంకో ప్రింటుకీ మధ్య ఇన్ని సెకన్లు ఆగాలని పెట్టండి. లేకపోతే ఇంకు ఖర్చు మీదే.

ఇవి ఎంత మంచివైనా రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ అలవాటు చేయకపోవడమే మేలు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఆ గంటలో కూడా పక్కన ఎవరైనా కూర్చుంటేనే ఆట.

అప్లికేషన్‌కి ఫొటో 50 కేబీ లోపు

ఉద్యోగాల అప్లికేషన్ నింపేటప్పుడు అందరూ ఆగిపోయేది ఫొటో దగ్గరే. సైజు తగ్గిస్తామనే ఏదో ఒక వెబ్‌సైట్‌లో ఫొటో, సంతకం, ఆధార్ కాపీ అన్నీ ఎక్కించేస్తారు. ఆ కాపీలు ఆ తర్వాత ఎవరి దగ్గర ఉంటాయో మనకి తెలియదు. ఫొటోలు దిద్దే జింప్ అనే ప్రోగ్రాంలో అయితే ఫొటో మన కంప్యూటర్ దాటి వెళ్లదు. ఫొటో తెరిచి, ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్‌కి వెళ్లి అప్లికేషన్ అడిగిన పిక్సెల్స్ ఇవ్వండి. తర్వాత ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ నొక్కి జేపెగ్‌గా దాచండి. అప్పుడు వచ్చే చిన్న విండోలో ప్రివ్యూ టిక్ పెడితే, క్వాలిటీ గీతని జరుపుతున్నకొద్దీ ఫైల్ ఎన్ని కేబీలు అవుతుందో అక్కడే కనిపిస్తుంది. రెండు మూడు పీడీఎఫ్‌లు కలపాలంటే పీడీఎఫ్ అరేంజర్ వాడండి. పేజీలు లాగి వరస మార్చుకోవడమే, వేరే నేర్చుకోవాల్సింది లేదు.

కార్డులోంచి ఫొటోలు పోతే

అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే. డిలీట్ అయిన ఫొటోలు చాలాసార్లు దొరుకుతాయి. దొరక్కుండా చేసేది తర్వాత మన కంగారే.

కెమెరా, ఫోన్ మెమరీ కార్డుల్లో ఫొటో డిలీట్ చేస్తే ఫొటో చెరిగిపోదు. జాబితాలో దాని పేరు దగ్గర 'ఇది పోయింది' అని గుర్తు పడుతుంది, ఆ స్థలం ఖాళీ అని లెక్కలోకి వస్తుంది. ఇంకో ఫొటో వచ్చి అక్కడే కూర్చునేదాకా పాతది అలాగే ఉంటుంది. అందుకే మొదటి పని, కార్డుని వెంటనే బయటికి తీసేయడం. ఇంకొక్క ఫొటో తీయొద్దు, వీడియో అసలే వద్దు. పెద్ద ఎస్‌డీ కార్డుకీ అడాప్టర్‌కీ పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది, దాన్ని లాక్ వైపు జరపండి. కంప్యూటర్‌కి పెట్టగానే విండోస్ 'ఫార్మాట్ చేయాలా?' అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. టెన్షన్‌లో ఓకే కొట్టేసేది సరిగ్గా ఇక్కడే.

రికవరీకి ముందు ఇంకో రెండు చోట్ల చూడండి. గూగుల్ ఫొటోస్ ట్రాష్‌లో, బ్యాకప్ అయిన ఫొటోలు 60 రోజులు ఉంటాయి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఉంచే ఉంటారు. అక్కడ నాణ్యత తగ్గినా, అసలు లేకపోవడం కన్నా నయం.

అక్కడా లేకపోతే ఫోటోరెక్. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఈ ప్రోగ్రాం పేర్ల జాబితాని నమ్ముకోదు. కార్డుని మొదటి నుంచి చివరి దాకా చదువుతూ, ప్రతి రకం ఫైల్ మొదట్లో ఉండే గుర్తుని పట్టుకుంటుంది. జాబితా పూర్తిగా పాడైన కార్డు మీద కూడా పనిచేసేది అందుకే. డబ్బుకి అమ్మే కొన్ని ప్రోగ్రాములు దొరికిన ఫొటోలు చూపించి, దాచుకోవాలంటే కట్టండి అంటాయి. వాటి క్రాక్ వెర్షన్ల కోసం వెతికి వైరస్ తెచ్చుకోవడం కన్నా ముందు దీన్ని ప్రయత్నించండి.

ఫోటోరెక్ మామూలు రూపం నల్ల తెర మీద అక్షరాలతో ఉంటుంది. మనకి కావాల్సింది మౌస్‌తో నడిచే క్యూఫోటోరెక్. విండోస్‌లో అయితే సీజీసెక్యూరిటీ సైట్ నుంచి, ఫోటోరెక్ కూడా కలిసి వచ్చే టెస్ట్‌డిస్క్ జిప్ దించి, విప్పి, అందులోని క్యూఫోటోరెక్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి వేసుకోండి. తెరిచాక డిస్కుల జాబితా ఖాళీగా కనిపిస్తే, టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండో) సుడో అని, ఖాళీ వదిలి, క్యూఫోటోరెక్ అని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో (sudo qphotorec) కొట్టండి.

పై జాబితాలో మీ కార్డుని సైజు చూసి ఎంచుకోండి. హార్డ్‌డిస్కూ, లినక్స్ పెన్‌డ్రైవూ అక్కడే ఉంటాయి, తొందరపడొద్దు. దాని కింద కార్డు తాలూకు పార్టిషన్ (ఫైళ్లు ఉండే భాగం) ఒకటి కనిపిస్తుంది, దాన్ని నొక్కండి. కనిపించకపోతే హోల్ డిస్క్ అని ఉన్న వరస తీసుకోండి. ఫైల్ సిస్టమ్ దగ్గర ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉన్న ఎంపిక పెట్టండి. ఆ పక్కన ఫ్రీ, హోల్ అని రెండు ఉంటాయి. ఫొటోలు డిలీట్ మాత్రమే చేసి ఉంటే ఫ్రీ చాలు, ఖాళీ స్థలంలోనే వెతుకుతుంది. కార్డు ఫార్మాట్ అయినా, అసలు తెరుచుకోకపోయినా హోల్ పెట్టాలి. ఫైల్ ఫార్మాట్స్ బటన్ నొక్కి అన్నీ తీసేసి జేపెగ్, మీరు వాడే వీడియో రకం మాత్రమే ఉంచితే తర్వాత ఏరుకునే పని సగం తగ్గుతుంది.

దొరికినవి ఎక్కడ దాచాలో బ్రౌజ్‌తో చూపించండి. అది ఆ కార్డు మీద కాకూడదు, ఏ పరిస్థితుల్లోనూ. వేరే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఉత్తమం. 32 జీబీ కార్డుకి అంత ఖాళీ ఉంచుకోండి. సెర్చ్ నొక్కి వదిలేయండి. పాత కార్డ్ రీడర్‌తో అయితే అరగంటో గంటో పడుతుంది.

అయ్యాక కనిపించేది చూసి బెంబేలెత్తకండి. ఫోల్డర్‌కి 500 ఫైళ్ల చొప్పున, పేర్లన్నీ పోయి అంకెలతో గుట్టగా ఉంటాయి. వాటిలో టీ అక్షరంతో మొదలయ్యేవి ఫొటోల లోపల దాగే చిన్న నమూనా బొమ్మలు, సైజు వరసలో పెడితే అడుగున చేరతాయి, తీసేయొచ్చు. అసలు ఫొటోల్లో తీసిన తేదీ లోపలే రాసి ఉంటుంది. షాట్‌వెల్ లాంటి ప్రోగ్రాంలోకి ఆ ఫోల్డర్లన్నీ ఎక్కిస్తే తేదీల వారీగా అదే సర్దేస్తుంది.

దొరకనివీ ఉంటాయి. ఫోన్ సొంత మెమరీలోంచి పోయినవాటికి ఇది పనికిరాదు. కేబుల్ పెట్టినా ఫోన్ డిస్కులా కనిపించదు, పైగా ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీలో (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో ఉండే డిస్కు) ట్రిమ్ అనే పద్ధతి వల్ల డిలీట్ చేసిన కాసేపటికే డేటా నిజంగానే చెరిగిపోతుంది. పెద్ద వీడియోలు కార్డు మీద ముక్కలు ముక్కలుగా పడి ఉంటే సగమే తెరుచుకుంటాయి.

కార్డు లేదా హార్డ్‌డిస్క్ చదవడానికే మొరాయిస్తుంటే దాని మీద క్యూఫోటోరెక్ నడపొద్దు. ముందు జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం డిస్కుని ఒక పెద్ద ఇమేజ్ ఫైల్‌గా కాపీ తీయాలి. అది సులువుగా వచ్చే భాగాలు ముందు తీసేసి, మొండికేసే చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలుపెట్టగలదు. తర్వాత క్యూఫోటోరెక్ డిస్కుల జాబితాలో ఆ ఇమేజ్‌ని చేర్చి దాని మీదే వెతకండి. హార్డ్‌డిస్క్ టక్ టక్‌మని చప్పుడు చేస్తుంటే మాత్రం ఇవేవీ వద్దు. కరెంటు తీసేసి డేటా రికవరీ ల్యాబ్‌కి తీసుకెళ్లండి.

పోయినవి దొరికాక కొత్త కార్డు కొంటారు కదా. సగం ధరకు 512 జీబీ అని అమ్మే వాటిలో లోపల 16 జీబీ మాత్రమే ఉండి, అది నిండాక వచ్చే ఫొటోలని మింగేసేవి ఉన్నాయి. ఎఫ్3 అనే చిన్న సాఫ్ట్‌వేర్ కార్డుని పూర్తిగా నింపి, మళ్లీ చదివి చూస్తుంది. ఇది టెర్మినల్‌లో నడుస్తుంది, ఎఫ్3రైట్ (f3write), తర్వాత ఎఫ్3రీడ్ (f3read), రెండే ఆదేశాలు. కొన్న రోజునే, కార్డు ఖాళీగా ఉన్నప్పుడే చేయండి. చివర్లో ఎంత డేటా బాగుందో, ఎంత పోయిందో చూపిస్తుంది. పోయిన లెక్క సున్నా కాకపోతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.