పరాయి దేశంలో అమరుడైన జవానుకు వర్ధంతి జరిపేటప్పుడు

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో, విదేశంలో విధి నిర్వహిస్తూ ప్రాణాలు వదిలిన జవానుకు వర్ధంతి జరపదలచినవారు ముందుగా ఆయన ఇంటికి వెళ్లి, తల్లి గానీ భార్య గానీ మనస్ఫూర్తిగా సరేనన్న తరువాతే మిగిలిన ఏర్పాట్లు మొదలుపెట్టాలి.

ఆయన వివరాలను విన్నదాన్ని బట్టి రాయకూడదు. నేను పాల్గొన్న ఒక సభలో శిలాఫలకం మీద సర్వీసు నంబరులో ఒక అంకె తప్పు పడింది. కొడుకు నల్ల ఇనుప పెట్టె మీద తెల్లరంగుతో రాసిన ఆ నంబరును ఏళ్ల తరబడి తుడుస్తూ వచ్చిన తల్లి, చదువు రాకపోయినా ఆ అంకె మీద వేలు పెట్టి, ‘మావోడి పెట్టి మీద ఇట్ల లేదే నాయనా’ అన్నది. అప్పటి నుంచి పేరు, హోదా, నంబరు, రెజిమెంటు ఆ పెట్టె మీది నుంచీ పింఛను పత్రాల నుంచీ ఎత్తి రాసుకుని, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సరిచూసుకున్న తరువాతే చెక్కిస్తున్నాను.

ఆయన ఏ దళంతో వెళ్లారో కూడా తేల్చుకోవాలి. 1987 జులై 29 నాటి ఒప్పందం మేరకు శ్రీలంక వెళ్లి, 1990 మార్చి వరకు అక్కడున్న భారత శాంతి పరిరక్షక దళాన్ని వేదికల మీద ఐక్యరాజ్యసమితి దళమని చెప్పడం తరచూ వింటుంటాం. అది మన ప్రభుత్వం పంపిన దళం, అందులో సుమారు 1,200 మంది అసువులు బాశారు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలోని త్యాగ చక్రంలో వారి పేర్లు చెక్కి ఉన్నాయి. అంత దూరం పోలేని కుటుంబానికి ఆ పేరున్న రాతిని ఫొటో తీయించి ఇవ్వడం, నా దృష్టిలో, ఎన్ని పూలదండల కన్నా మిన్న. ఐక్యరాజ్యసమితి పతాకం కింద మరణించినవారికైతే డాగ్ హామర్‌షోల్డ్ పతకం ఇస్తారు, మే 29న ప్రపంచమంతటా స్మరిస్తారు.

తిథి విషయంలో జాగ్రత్త అవసరం. ఉదాహరణకు, ఆఫ్రికాలోని తూర్పు కాంగో మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది కనుక, అక్కడ రాత్రి తొమ్మిదికి ప్రాణం పోతే ఇక్కడ తేదీ మారిపోయి ఉంటుంది. సైన్యం ఇచ్చిన పత్రంలోని సమయాన్ని పురోహితులకు చూపించి తిథి నిర్ణయించుకోవాలి. సభను తేదీ ప్రకారం, తద్దినాన్ని తిథి ప్రకారం జరుపుకోవచ్చు.

విగ్రహం మీద గానీ ఫలకం మీద గానీ జాతీయ పతాకాన్ని ముసుగుగా కప్పకూడదని పతాక నియమావళి చెబుతోంది. ఆవిష్కరణకు మామూలు తెల్లగుడ్డ వాడాలి. ఫ్లెక్సీ పెట్టదలిస్తే దాని మీద ఆయన ఫొటో ఒక్కటే ఉండాలి. రెండు నిమిషాల మౌనం తరువాత పేరు, హోదా, ఊరు స్పష్టంగా చదివి, తోటి జవాన్లెవరైనా వచ్చి ఉంటే మొదట వారి చేత మాట్లాడించాలి. మిగిలిన ప్రసంగాలు ఎంత తక్కువైతే అంత మంచిది.

వచ్చే ఏటి తితిదే క్యాలెండరు చేతికి రాగానే, ఆ తిథి పడే తేదీ చుట్టూ సున్న చుట్టి ఆ ఇంట్లో ఇచ్చి రావాలి.