రోజుకు ఎనిమిది వచనాలు

ఉద్యోగంలో చేరాక బైబిల్ వాక్యం చదవడం కుదరట్లేదని బాధపడే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక చిట్కా. 119వ కీర్తన తీసుకోండి. బైబిల్లో అన్నిటికంటే పొడవైన అధ్యాయం అది, 176 వచనాలు. ఆ లెక్క చూసి భయపడొద్దు. హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాల వరసలో, ఒక్కో అక్షరం కింద 8 వచనాల చొప్పున దాన్ని రాశారు. వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకు నెలలో పనిదినాలు కూడా ఇంచుమించు అన్నే. రోజుకో భాగం క్యాబ్‌లోనో మెట్రోలోనో నెమ్మదిగా చదివినా ఐదు నిమిషాలు పట్టదు.

ఫోన్‌లో మాత్రం చదవకండి. రెండో వచనానికే ఆఫీస్ గ్రూప్‌లో మెసేజ్ వస్తుంది, మనసు అటే పోతుంది. క్రొత్త నిబంధన, కీర్తనలు కలిపిన చిన్న పుస్తకం క్రైస్తవ పుస్తకాల షాపుల్లో దొరుకుతుంది, లంచ్ బ్యాగ్ పక్క జేబులో పట్టేస్తుంది. ఆ రోజు మనసుకు తగిలిన వచనం పక్కన పెన్సిల్‌తో తేదీ వేయండి. కష్టమైన వారం వచ్చినప్పుడు ఆ తేదీలు చూసుకుంటే ఎంత ధైర్యమో!

నైట్ షిఫ్ట్ వాళ్లు 19వ భాగంతో మొదలుపెట్టినా మంచిదే. రాత్రి జాముల్లో మేలుకొని వాక్యాన్ని ధ్యానించడం గురించిన 148వ వచనం అందులోనే ఉంది.